తన గ్రంథమునకు తానే విద్యార్థి

ప్రొద్దుటూరున చిరకాలము ఉపాధ్యాయులుగా నుండిన సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారు పిన్నవయసున రచించిన 'పెనుగొండలక్ష్మి' కావ్యము, తరువాతి కాలమున వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్ననాడు పాఠ్యగ్రంథమై వారి యెదుటనే నిలిచెను. ఈ వృత్తాంతమును వినినవారు ఆశ్చర్యపడి యూరకుందురు. నాకు మాత్రము, క్రొత్తగా కథలు వ్రాయుచున్న యువకులు తమ వ్రాతప్రతులు చేతబట్టుకొని వచ్చినప్పుడెల్ల ఇదియే జ్ఞప్తికి వచ్చును. తాను వ్రాసినదానికి తానే పరీక్షార్థియై కూర్చుండి, ఈ మాట ఇచట ఏల యున్నది, ఈ పాత్ర ఇట్లేల పలికినది అని పరుని ప్రశ్నలకు సమాధానము వెదకుకొనుట యెంత కఠినమైన యవస్థయో, అంత శ్రేయస్కరమైన యవస్థ. అది మనకు దైవికముగా లభింపదు గనుక మనమే కల్పించుకొనవలెను. కథ ముగిసిన పిదప దానిని కొంతకాలము కనులకు దూరముగా నుంచి, ఆవేశము చల్లారి, ఏ వాక్యము వెనుక నేది వచ్చునో మరపునబడిన పిమ్మట, ఎవరో వ్రాసినదానివలె చేతికి తీసికొనవలెను.

అప్పుడు కనబడునదేమి? పులివెందుల ప్రాంతపు యువకుడొకడు చీనీతోట ఎండిపోయిన కథ వ్రాసెననుకొందము. బోరు వేయించిననాడు నీటికి మారుగా తెల్లని దుమ్ము లేచుట, అప్పిచ్చినవాడు గట్టుమీద నిలిచి ఏమియు అనకుండ వెడలిపోవుట, జేజి ఆ రాత్రి అన్నము ముట్టకుండుట, ఇవన్నియు వాని మనసులో నున్నవి. కాగితముమీద నున్నది 'నాయన కుమిలిపోయినాడు' అను నొక్క వాక్యము. వ్రాసినవానికి ఆ వాక్యములో తోట యంతయు కనిపించును; శ్రీకాకుళమున గూర్చుండి చదువువానికి ఏమియు కనిపింపదు. మనసున నిలిచిపోయినదానిని కాగితమునకు తెచ్చుట సంస్కరణములో సగము పని. మనసున లేకయే కాగితమున చేరినదానిని తొలగించుట తక్కిన సగము, ఇదియే మిక్కిలి బాధాకరమైనది. తన వీథిలో నాటుబాంబు ప్రేలుట యెన్నడును వినని యువకుడు, రాయలసీమకథ యనగా అదియే కావలెనని చలనచిత్రములు నేర్పినందున, కథ చివర బాంబును ప్రేల్చును. నేను దానిని కొట్టివేయుమని నిర్దయగా చెప్పుదును. కక్షలు మననేల లేవని కాదు; చూచినవాడు వ్రాసిన కక్షకథలో భయము వంటింటిలోనుండియు, సంతకు పోవు బండిలోనుండియు పలుకును, అరువు తెచ్చుకొన్నవానికి ఆ పలుకు పట్టుబడదు.

సంభాషణలను బిగ్గరగా చదువుకొనుడు. 'యాడికి పోతాండావు' అని జమ్మలమడుగు రైతు పలుకునప్పుడు అందులో కోపమున్నదో, ఆప్యాయత యున్నదో చెవికి తెలియవలెను. తెలియనియెడల ఆ మాండలికము అలంకారముగా మిగిలిపోవును.

ఐనను తన కన్ను తనకు చాలదు. జమ్మలమడుగున జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధానియు, గడియారం వేంకటశేషశాస్త్రియు ప్రొద్దుటూరున జంటగా అవధానములు గావించిన కాలమున, ఒకరి నోటి పద్యమునకు మరియొకరి చెవి నిత్యము కాపలాగా నుండెడిది. పిదప 'రాణాప్రతాపసింహచరిత్ర'మును, 'శివభారత'మును వేర్వేరుగా రచించినప్పుడును ఆ చెవి వారిని విడిచియుండదని నా విశ్వాసము. కథకునకట్టి తోడు కావలెను. పులివెందుల ప్రాంతమందలి పైడిపాలెమున 1922లో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి, 'అలసిన గుండెలు' కథలు వ్రాసిన తానే, 'సంవేదన' త్రైమాసికమున విమర్శకుడై ఎంతటి ప్రసిద్ధుని పేరునకును జంకక రచనలను పరిశీలించెను. అట్టి పాఠకుడు మీ యూర నొక్కడున్నను మీరు ధన్యులు. మెచ్చుకొను మిత్రులు పదిమంది కూడియు ఆ పని చేయలేరు.

ప్రకటన విషయమున తొందర వలదు. ఏ పత్రికకు పంపదలచితిరో దాని సంచికలు కొన్ని ముందుగా చదువుడు. ప్రతి నొకదానిని దాచుకొని, కథను ఒక్క పత్రికకే పంపి, సమాధానము వచ్చువరకు మరియొక కథ వ్రాయుచుండుడు. తిరిగివచ్చినదానిని ఆ సాయంకాలమే వేరొక కవరులో పెట్టక, మరల విద్యార్థియై చదువుడు. అప్పుచేసి స్వంతఖర్చుతో సంపుటము అచ్చొత్తించి, ఆవిష్కరణసభలో శాలువలు కప్పించుకొని, మిగిలిన కట్టలను మంచము క్రింద పేర్చుకొన్నవారిని చూచి నేను దుఃఖించుచుందును. రంగశాయిపురమున జన్మించిన కేతు విశ్వనాథరెడ్డి, కడప జిల్లా గ్రామనామములను పరిశోధించి, కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యమునకు సంపాదకులై, పరుల వాక్యములతో అంతకాలము కాపురము చేసియు, తన కథలను నిదానముగా వ్రాసిరి. ఆ కథల సంపుటమునకే 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. చిరునామా చిన్నయూరిదని బెంగపడనక్కరలేదు. పులివెందులకు సమీపమునగల వేంపల్లెకు చెందిన గంగాధర్ 'మొలకల పున్నమి'కి 2011లోను, షరీఫ్ 'జుమ్మా'కు 2012లోను అకాడమీవారి యువపురస్కారములు వచ్చినవి.

కథ పత్రికలో వెలువడిన తరువాత ఆ సంచిక నొకదానిని శ్రీకాకుళమున కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయమునకు పంపుడు. తెలుగుకథలను వెదకి చదువువారు అచటికి వత్తురు. మీ పేరైనను ఎరుగని యొక పాఠకుడు మీ కథను అచట తెరచి చూచును.