నిలవలేదా, నిలుపుకోలేదా?

అచ్చంపేటలో మా పెద్దమ్మ కూతురింట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. దాని అడుగున, పెళ్లిచీర కింద, నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి కాగితం ఒకటి చాలాకాలం ఉండిపోయింది. అది అక్కడికి చేరడంలో నా వంతు కూడా ఉంది. ఇది రాయడానికి కారణం అదే.

అక్కకు రెండోసారి ఐదో నెలలో కడుపు పోయింది. నొప్పుల్లేవు. కూచుని పల్లికాయ ఒలుస్తున్న మనిషి పొత్తికడుపు బరువుగా ఉందని లేచేసరికి ఉమ్మనీరు పోయింది. హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో రోగనిర్ధారణ అన్నచోట ఇంగ్లీషులో రెండు మాటలు, పక్కన ఒక అక్షరం, మూడంకెలు ఉన్నాయి. "ఏం రాసిండ్రు బిడ్డా? నువ్వు పెద్ద సదువు సదివినవు గద, జర చెప్పు" అంది అక్క వాళ్లత్త. నేను సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని. అనువాద సమస్యల గురించి సెమినార్లలో మాట్లాడినదాన్ని. 'సర్వైకల్ ఇన్‌కాంపిటెన్స్' అన్న మాట చూసి, కొంచెం కూడా తడుముకోకుండా, "గర్భసంచి మూతి చేతకానిదట అత్తా" అన్నాను.

ఆమె 'మూతి'ని వినలేదు. 'చేతకానిది' అన్నది విన్నది. ఆ మాట వారం తిరక్కుండా వాడంతా తిరిగింది. కాగితం పెట్టె అడుక్కి చేరింది.

తప్పు నా అనువాదానిదేనా, లేక మూలంలోనే ఉందా? ఆ ప్రశ్న నన్ను చాన్నాళ్లు వదల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దీని సంకేతం ఓ 34.3. గర్భిణి కాని స్త్రీలో అయితే ఎన్ 88.3. దీనివల్ల బిడ్డకు కీడు జరిగితే బిడ్డ కాగితం మీద పి 01.0. మూడుచోట్లా ఆ 'ఇన్‌కాంపిటెన్స్' ఉంది. కడుపుతో ఉన్నా లేకపోయినా, చివరికి బిడ్డ పేరు మీద కూడా, ఆ మాట వెంట వస్తూనే ఉంటుంది.

డాక్టర్లను అడిగితే ఇందులో నింద ఏమీ లేదంటారు. అది నిజమే. సరిగ్గా మూసుకోని కవాటాన్ని ఇన్‌కాంపిటెంట్ అనడం వైద్యంలో పాత అలవాటు. గుండె కవాటాన్నీ అలాగే అన్నారు. అయితే గుండె కవాటం మూసుకోని మగవాణ్ని ఎవరూ చేతకానివాడని అనలేదు. గుండె కొట్టుకోవడం అతను ఇంటికి చేసిపెట్టాల్సిన పని అని ఎవరూ అనుకోరు కదా. గర్భసంచి విషయం అలా కాదు. అది స్త్రీ ఒంట్లో ఉన్నా, దాని పని ఇంటిదని, వంశానిదని లెక్క. కోడల్ని తెచ్చుకున్నదే అందుకని నమ్మే ఇంట్లో ఆ భాగాన్ని చేతకానిదంటే మనిషిని అన్నట్టే. మాట ఒకటే. అది పడిన నేల వేరు.

మరి మన భాష మెరుగా? పైకి అలాగే అనిపిస్తుంది. "ఆమెకు కడుపు నిలవలేదు" అంటాం. ఆ వాక్యంలో నిలవనిది కడుపు. ఆమె కర్త కాదు, ఆమెకు జరిగింది అంతే. ఎంత దయగల వాక్యం అనుకున్నాను. కానీ మా అక్క గురించి వాడలో తిరిగిన వాక్యం అది కాదు. "రెండు కడుపులు నిలుపుకోలేదు" అన్నారు. 'నిలవ' కాస్తా 'నిలుపుకో' అయ్యేసరికి జరిగినదల్లా చేసినదైపోయింది. ఆమె ఏదో చేయాల్సి ఉండి చేయలేదన్నమాట. బరువులు మోసిందనీ, పురిటింటి గడప తొక్కిందనీ కారణాలు వెతకడం అప్పట్నుంచే మొదలైంది. నిజానికి పాత కాన్పులో అయిన లోతైన చీలిక, గర్భసంచి శుభ్రం చేసేటప్పుడు తగిలిన దెబ్బ, పుట్టుకతో వచ్చిన లోపం, ఇవి తెలిసిన కారణాల్లో కొన్ని. చాలామందిలో కారణమే దొరకదు. కారణం దొరకనిచోట ఆడదాని నడవడికను పెట్టి ఖాళీ పూరించడం మనకు అలవాటు.

ఆసుపత్రి కాగితాల్లో మరో పొట్టిమాట కనిపిస్తుంది, బి.ఓ.హెచ్. అని. బ్యాడ్ అబ్‌స్టెట్రిక్ హిస్టరీ. తెలుగులో చెప్పాలంటే చెడ్డ కాన్పుల చరిత్ర. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పటి నుంచీ చరిత్ర అన్న మాటను మనం ఎంత ఇష్టంగా వాడుకున్నాం! ఈ కాగితం మీద మాత్రం ఆమె చరిత్ర మూడక్షరాలు, అందులో మొదటిది 'చెడ్డ'.

ఇంతదాకా వచ్చాక ఈ మాటల్నీ సంకేతాల్నీ తీసి పారేద్దాం అనడం తేలిక. నేనూ కొన్నాళ్లు అలాగే వాదించాను. ఇప్పుడు అలా అనలేను.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద మృతశిశువుగా రాయాలంటే 28 వారాలు నిండాలి. ఐదో నెలలో పోయిన కడుపు జననాల్లోనూ లేదు, మరణాల్లోనూ లేదు. అలాంటిది ఒకటి జరిగిందని ప్రభుత్వానికి చెప్పగలిగిన ఆనవాలు ఆసుపత్రి కాగితం, దాని మీది సంకేతం. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావమైతే ఆరు వారాల జీతంతో సెలవు ఇచ్చింది. అదీ రుజువు చూపితేనే. పల్లిచేలో కూలికి పోయేవాళ్లకు ఆ చట్టమే అందలేదనుకోండి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట వచ్చిన మూడు జిల్లాల్లో అప్పటి మా మహబూబ్‌నగర్ ఒకటి. ఏ బీమా పథకంలోనైనా సంకేతం లేని జబ్బుకు పైసా రాదు. పేరు లేని బాధకు లెక్క లేదు, లెక్క లేనిదానికి మందు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఈ పేరు వెనక ఒక చికిత్స ఉంది. 1955లో బొంబాయి డాక్టర్ విఠల్ నగేశ్ శిరోద్కర్ తొడలోంచి తీసిన పట్టీతో గర్భసంచి మూతిని బిగించే పద్ధతిని ప్రకటించాడు. 1957లో ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ ఇంకొంచెం సులువైన కుట్టు చెప్పాడు. ఇలా కడుపులు పోయినవాళ్లకు మామూలుగా మూడో నెల దాటాక, 12 నుంచి 14 వారాల్లో, ఆ కుట్టు వేస్తారు. తొమ్మిదో నెలలో విప్పుతారు. అయితే అది వేయాలని డాక్టరుకు తెలిసేది ఎలా? చాలావరకు పాత కాగితం చూసే.

మా అక్క మూడోసారి నెల తప్పినప్పుడు ఆ కాగితం చూపించలేదు. "ఇంతకుముందేమన్నా అయిందా?" అని అడిగితే లేదని చెప్పింది. పక్కన అత్త ఉంది. చేతకానిదన్న మాట ఇంకోసారి బయట పడటం ఆమెకు ఇష్టంలేదు. పన్నెండు వారాలు దాటాయి, పద్నాలుగు దాటాయి. మళ్లీ ఐదో నెలలోనే పోయింది. కుట్టు వేస్తే తప్పకుండా నిలిచేదని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ అవకాశం ఆమెకు అందకపోవడంలో మాత్రం నా మాటకు భాగం ఉంది.

పేరు రెండు పనులు చేస్తుంది. ఏం చేయాలో చెబుతుంది, ఎవరేమిటో కూడా చెబుతుంది. సంకేతం పుట్టింది మొదటి పనికి. ఇళ్లల్లో వాడేది రెండోదానికి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్‌లో ప్రమాదం ఉన్న గర్భిణి కార్డు మీద ఎర్ర గుర్తు అంటిస్తారు. దాన్ని చూసి పెద్దాసుపత్రికి పంపేవాళ్లున్నారు, దాన్ని చూసే పుట్టింటికి పంపేవాళ్లూ ఉన్నారు. కనుక పేరు పెట్టాలా వద్దా అని తర్కించి లాభం లేదు. పెట్టినవాళ్లకూ, చదివి చెప్పేవాళ్లకూ అది ఎవరి ముందు, ఏ మాటలో చేరుతుందన్న పూచీ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉందనే నా జవాబు. అర్థం తెలిస్తే చాలదు, ఆ అర్థం ఎవరి మీద పడుతుందో కూడా తెలియాలి.

వైద్యులు కూడా కొంత కదిలారు. 2014లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఈ కుట్టు గురించి ఇచ్చిన మార్గదర్శకంలో వాడినది 'ఇన్‌సఫిషియెన్సీ'. చేతకానిది కాస్తా చాలనిది అయింది. ఇంగ్లీషులో తేడా చిన్నదేమో గానీ తెలుగులో పెద్దదే. 'బలం చాలలేదు' అన్నచోట మనిషిని తిట్టడానికి సందు తక్కువ.

కిందటిసారి వెళ్లినప్పుడు అక్క ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. "దీని కింద తెలుగుల రాయి. మల్ల ఎవరన్న అడిగితే నేనే సదివి చెప్త" అంది. రాయడానికి చాలాసేపు పట్టింది. "గర్భసంచి మూతికి బరువు ఆపే బలం చాలలేదు. మళ్లీ కడుపైతే మూడో నెలలోనే ఈ కాగితం డాక్టరుకు చూపించాలి. కుట్టు అవసరమేమో చూస్తారు." అక్క రెండుసార్లు చదువుకుంది. కాగితాన్ని పెట్టెలో వేయలేదు. రేషన్ కార్డూ ఆధార్ కార్డూ ఉండే సంచిలో పెట్టింది.