కనబడనిది లేనట్టేనా?

ఒక వస్తువు ఉందని కన్ను చెబుతుంది. లేదని చెప్పేది ఏది? 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు ఇందుకు ‘అనుపలబ్ధి’ (కనబడకపోవడం) అనే ప్రమాణాన్ని, అంటే తెలుసుకునే సాధనాన్ని, విడిగా ఒప్పుకున్నాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. లేమిని పట్టుకునేదీ ప్రత్యక్షమేననీ, కనబడకపోవడం దానికి తోడ్పాటు మాత్రమేననీ వారి మతం. అయినా ఒక షరతు దగ్గర రెండు పక్షాలూ కలుస్తాయి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. ‘ఉంటే కనబడి తీరేది’ అనగలిగినప్పుడే కనబడకపోవడం లేమికి రుజువు అవుతుంది. ఇదే యోగ్యానుపలబ్ధి. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ షరతును వివరించాడు.

అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకు తప్పనిసరైన, కారు తన లోపాలను తానే వెతికే ఓబీడీ-2 వ్యవస్థలో ఇదే షరతు యంత్రరూపంలో ఉంది. పొగ పరీక్షలో తప్పుల్ని సూచించే కోడ్‌లు ఉన్నాయా అని చూస్తే సరిపోదు. ఆ తప్పుల్ని వెతికే మానిటర్లు తమ పని ముగించాయా అనీ చూడాలి. స్కానర్‌తో కోడ్‌లు చెరిపినప్పుడు ఆ మానిటర్లు మళ్లీ మొదటికొస్తాయి. చాలా కార్లలో బ్యాటరీ తీగ విప్పినా అంతే. అప్పుడు ఇంజిన్ దీపం వెలగదు, కోడ్ ఒక్కటీ ఉండదు. అయినా అది చీకటి గదే. పొగ పరీక్షకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ మార్గదర్శకం 2001, ఆ తర్వాతి మోడళ్లకు ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చంటుంది.

మానిటర్ ఎందుకు ఆగుతుందో చూస్తే యోగ్యత అంటే ఏమిటో తెలుస్తుంది. పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. కన్వర్టర్ బాగుంటే ముందు సెన్సర్ రీడింగ్ ఊగుతుంది, వెనకది నిలకడగా ఉంటుంది. కన్వర్టర్ వేడెక్కకముందు మంచిదైనా రెండూ ఊగుతాయి. అందుకే కంప్యూటర్ తీర్పు చెప్పక వేచి ఉంటుంది. పెట్రోలు ఆవిరి లీకును వెతికే ఈవాప్ మానిటర్ ఒత్తిడిని బట్టి అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టాలి. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా, పెట్రోలు వేడిగా ఉన్నా ఆ ఒత్తిడి లెక్క నమ్మదగ్గది కాదు.

కాబట్టి మానిటర్లు పూర్తికాకపోతే పరిష్కారం కూడా యోగ్యతను కల్పించడమే. కోడ్‌లను మళ్లీ చెరపకూడదు. ట్యాంకు పావుకూ ముప్పావుకూ మధ్య ఉంచి, రాత్రంతా చల్లారిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, ఆ మోడల్‌కు తయారీదారు చెప్పిన డ్రైవ్ సైకిల్ ప్రకారం నడపాలి. కొన్ని రోజులకూ పూర్తికాకపోతే ఇంకా ఖాయం కాని పెండింగ్ కోడ్‌లు చదవాలి, కూలెంట్ ఉష్ణోగ్రత చూడాలి. తెరుచుకుని ఇరుక్కుపోయిన థర్మోస్టాట్ ఇంజిన్‌ను తగినంత వేడెక్కనివ్వదు. దాంతో ఏ లోపమూ లేని భాగాన్ని పరీక్షించే మానిటర్ కూడా మొదలే కాదు.

‘పూర్తి కాలేదు’ అన్నది నేరారోపణ కాదు, నిర్దోషి అన్న తీర్పూ కాదు. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచే నిజాయితీ అది. 2010 మోడళ్ల నుంచి దశలవారీగా వచ్చిన పర్మనెంట్ కోడ్‌లు దీన్ని మరో మెట్టు ఎక్కించాయి. వాటిని స్కానర్ చెరపలేదు, బ్యాటరీ తీసినా పోవు. తగిన పరిస్థితుల్లో మళ్లీ వెతికి, తప్పు లేదని తేల్చుకున్నాక కారు కంప్యూటరే వాటిని తీసేస్తుంది.