తేటగా దిగిన నీళ్లు

వాక్యభాగం: మత్తయి 23:23, 24

మెట్టుగూడలో మా బడికి వచ్చేవాళ్లలో రైల్వే ఇళ్ల పిల్లలే ఎక్కువ. మొన్న ఆరో తరగతి వాళ్లకు ల్యాబులో వడపోత చూపించాను. ఇసుకా ఉప్పూ కలిపిన నీళ్లు. వడపోత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక పక్క మూడు పొరలు, ఇంకో పక్క ఒకే పొర వచ్చేలా విప్పితే గరాటులో సరిగ్గా కూర్చుంటుంది. నీటిచుక్కతో తడిపితే గాజుకు అంటుకుంటుంది. ఆపైన గాజు కడ్డీ వెంట మెల్లగా పోయాలి, కాగితం అంచు దాటనివ్వకూడదు. ఇసుక పైన ఆగిపోయింది. బీకరులోకి నీళ్లు చుక్కచుక్కగా, తేటగా దిగాయి.

"టీచర్, ఇప్పుడివి మంచినీళ్లేనా?" అని అడిగిందొక పాప.

జవాబు చెప్పకుండా ఆ నీళ్లు కొన్ని పింగాణీ గిన్నెలో పోసి సన్నని మంట మీద పెట్టాను. నీరంతా ఇగిరిపోయాక అడుగున తెల్లగా ఉప్పు. కాగితం తప్పేమీ లేదు. కరగనిదాన్ని అది పట్టుకుంది, కరిగినదాన్ని పట్టడం దాని చేతకాదు.

నల్లగొండ పల్లెల్లో ఎన్నో బోరునీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి. ఏ గుడ్డకూ చిక్కని ఫ్లోరైడ్ పిల్లల పళ్లకు గార పట్టించింది, పెద్దల వెన్ను వంచింది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. నాగపూర్‌లోని 'నీరి' సంస్థ రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో ముందు పటిక, సున్నం కలుపుతారు. అప్పుడు ఏర్పడే మడ్డికి ఫ్లోరైడ్ అంటుకుని అడుక్కు దిగుతుంది. వడపోత ఆ తర్వాతే.

లేవీయకాండం 11వ అధ్యాయం చిన్న పురుగుల్నీ అపవిత్రమంది, ఒంటెనూ అపవిత్రమంది. దోమ పడిందేమోనని పానీయాన్ని వడగట్టుకునేవాళ్లు ఒంటెను మింగేస్తున్నారని యేసుప్రభువు శాస్త్రులను, పరిసయ్యులను గద్దించాడు. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదో వంతు లెక్కగా ఇచ్చేవాళ్లు వాళ్లు. ఇవ్వడం మానమని ఆయన అనలేదు. న్యాయం ఏది, కనికరం ఏది అన్నాడు. అక్కడికి వచ్చేసరికి నాకు వణుకు పుడుతుంది.

నేను ఆదివారం ఆరాధన మానను. దశమభాగం తప్పను. నోట చెడ్డ మాట రానివ్వను. అయినా ఆ వడపోత చూపించిన రోజే, గాజుసామాను కడిగే ఆయమ్మ జ్వరంతో ఆలస్యంగా వస్తే, పిల్లల ముందే కసిరాను. ఆ కసురులో ఒక్క బూతు లేదు. తేటగానే ఉంది. ఆమె తలవంచుకుని బీకర్లు కడుగుతుంటే గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఇంకా ఆమెను క్షమాపణ అడగలేదు. ఈ ఉదయం బడిగంట కొట్టేలోపు, ఆ పిల్లల ముందే అడుగుతాను.

ప్రార్థన: తండ్రీ, మాలో కరిగిపోయి మాకే కనబడనిదాన్ని నీ వాక్యంతో పైకి తెలిసేలా చేయి. ఈ రోజు మేమెవరి ముందు తల వంచాలో వాళ్ల దగ్గరికి మమ్మల్ని నడిపించు. యేసు నామంలో వేడుకుంటున్నాము, ఆమేన్.