పగలు అద్దం, రాత్రి కిటికీ

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998లో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత హైటెక్ సిటీ అంతటా గాజు గోడలు లేచాయి. పగలు వాటిలో ఆకాశం కనిపిస్తుంది, ఎదుటి భవనం కనిపిస్తుంది, లోపలి మనిషి మాత్రం కనబడడు. చీకటి పడి దీపాలు వెలిగాక అదే గాజులోంచి కుర్చీలు, కంప్యూటర్లు, కాఫీ కప్పులు సహా అంతా బయటపడుతుంది.

ఉన్నది ఒకటి, తోచేది మరొకటి కావడం వేదాంతానికి పాత సంగతే. మందారం పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా తోస్తుంది. ఆ ఎరుపు స్ఫటికానిది కాదు. దేహధర్మాలు ఆత్మవిగా తోచడానికి అద్వైతులు చెప్పే పోలిక ఇది. మహాభారతంలోని మయసభలో దుర్యోధనుడూ అలాగే నేలను నీరనుకుని బట్టలు ఎత్తిపట్టాడు, నీటిని నేలనుకుని పడ్డాడు.

మరి కళ్లకు స్పష్టంగా కనబడేదే నిజాయితీ గలదా? ‘పారదర్శకత’ అన్న మాటను మనం అలాగే వాడేస్తున్నాం. కట్టడాల పనివాళ్ల అనుభవం వేరు. మాదాపూర్ శిల్పారామంలోని గుడిసెల్లో ఉండేలాంటి కర్ర దూలం బరువెక్కితే చాలాసార్లు ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, చీలిక చూపిస్తుంది. వానాకాలంలో ఉబ్బి తలుపు బిగుసుకుపోవడం ఏ ఇంట్లోనైనా తెలిసిందే. గాజు ఇవేవీ చెయ్యదు. ఉక్కులా సాగదు, పగలడానికి అంచున కంటికి ఆనని గీత ఒక్కటి చాలు. టఫెన్డ్ గ్లాస్‌ను 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి గాలితో చప్పున చల్లారుస్తారు. బలం అలా వస్తుంది. కానీ లోపల నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకుంటే, ఏళ్ల తర్వాత అది మెల్లగా ఉబ్బి, ఎవరూ తాకకుండానే పలక మొత్తం పొడిపొడి కావచ్చు. అందుకే ముఖ్యమైన పలకల్ని ముందే కొలిమిలో గంటల తరబడి ఉంచి, పగిలే వాటిని అక్కడే పగలనిస్తారు.

కర్రకు గాజును నేరుగా ఆనించరు. తేమకు కర్ర కదులుతుంది, గాజు కదలదు. మధ్యలో కాస్త సందు, మెత్తని సిలికాన్ ఉంటేనే ఇద్దరికీ పొత్తు కుదురుతుంది.

అద్వైతంలో సాధకుడికి మొదటి అర్హత నిత్యానిత్య వస్తు వివేకం, అంటే నిలిచేదేదో నిలవనిదేదో వేరుచేసి చూడగలగడం. గాజు మెట్లు డిజైన్ చేసే ఇంజనీరు బహుశా ఆ పేరు విని ఉండడు, చేసే పని మాత్రం దానికి దూరం కాదు. మధ్యలో ప్లాస్టిక్ పొరతో రెండు మూడు పలకల్ని అతికిస్తాడు. పై పలక పగిలిందనీ, మెట్టు మీద మనుషులు ఇంకా నిలబడే ఉన్నారనీ అనుకుని, అక్కణ్నుంచి లెక్క మొదలుపెడతాడు.