మోకాళ్ళ నొప్పి, మనసులో రంది

సూరత్‌లో బమ్రోలి గల్లీల్లోకి మళ్ళగానే ముందు చెవిన పడేది సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. ఒక పక్క పాండేసరా అద్దకం మిల్లులు, ఇంకో పక్క ఉధనా. సూరత్ సాంచాల మీద పనిచేసేవాళ్ళలో ఒడిశా గంజాం వాళ్ళు ఎక్కువ. వాళ్ళ నడుమనే కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలీలు కూడా తరాలుగా బతుకుతున్నారు. ఊళ్ళో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో కొందరు భివండికి, కొందరు షోలాపూర్‌కు, కొందరు సూరత్‌కు రైలెక్కారు. మీసాలు రాని వయసులో వచ్చినవాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. ఎవరిని "ఎట్లున్నవ్ తాతా, పానం బాగున్నదా" అని పలకరించినా జవాబు మోకాళ్ళ దగ్గరే మొదలవుతుంది. "కాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా" అంటారు. ఆ తర్వాత నడుము, మెడ, భుజం వరసగా వస్తాయి. మనసు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ కాళ్ళు ఊరికే గుంజడం లేదు. సాంచా మీద పాళీ అంటే 12 గంటలు. ఒక్కో మనిషి నాలుగైదు సాంచాలో, అంతకంటే ఎక్కువో చూసుకోవాలి. ఇరుకు సందులో అటూ ఇటూ తిరుగుతూ, కండె అయిపోతే మార్చుతూ, పోగు తెగితే వంగి అతుకుతూ ఉండాలి. కూలి మీటరు లెక్కన గనుక సాంచా ఆగితే కూలి ఆగినట్టే. అందుకని కూర్చునే తీరిక ఎవరూ తీసుకోరు. నాకు బాగా తెలిసిన ఒక తాత పని మానేసి చాలా ఏళ్ళయింది. గడపలో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉంటాయి, లేని పోగుకు ముడి వేస్తున్నట్టు. ఆ సంగతి ఆయనకు తెలియదు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి, పొద్దున చాయ్ గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి.

ఆడవాళ్ళ నొప్పులైతే లెక్కలోకే రావు. చీరల మీద రాళ్ళు అతికించడం, తేలే దారాలు కత్తిరించడం, లేసు కుట్టడం సూరత్‌లో ఇంటింటి పని. నేల మీద కాళ్ళు మడిచి, మెడ వంచి, పొయ్యి మీద అన్నానికీ ఒళ్ళో చీరకూ మధ్య గంటలు గడిపిన అవ్వను అడిగి చూడండి, "నేనేం పని జేసిన బిడ్డా, ఇంట్లనే ఉంటి" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది. నలభై ఏళ్ళ కష్టం ఆమె కళ్ళకే పనిగా కనపడలేదు. ఇక దాని వల్ల వచ్చిన నొప్పిని ఇంకెవరు పట్టించుకుంటారు?

నొప్పి ఒళ్ళు దాటి ఎంత దూరం పోతుందో చూపించే ఒక మంచి పరిశీలన చైనాలో జరిగింది. 1980లో ఆర్థర్ క్లీన్‌మన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా వైద్య కళాశాలకు వెళ్ళాడు. అక్కడ 'నరాల బలహీనత' అని పేరు పెట్టి చికిత్స చేస్తున్న 100 మందిని విడివిడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తల తిరగడం, నీరసం ఇవే వాళ్ళు చెప్పిన బాధలు. ఓపికగా అడుగుతూ పోతే వాళ్ళలో 87 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉన్నట్టు తేలింది. 1966 నుంచి 1976 దాకా సాగిన సాంస్కృతిక విప్లవం అప్పటికి నాలుగేళ్ళ కిందటి మాట. ఇల్లూ కొలువూ అయినవాళ్ళూ చెదిరిపోయిన జనం వాళ్ళు. ఏడుపును నోరు విప్పి చెప్పుకుంటే ఏ ముప్పు వస్తుందోనని భయం. తలనొప్పి చెప్పుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్ళ తలనొప్పి అబద్ధమని క్లీన్‌మన్ అనలేదు. నొప్పి నిజం, దాని అడుగున ఉన్న దుఃఖమూ అంతే నిజం.

బమ్రోలిలో విప్లవాలేవీ జరగలేదు. కానీ "నాకు మనసు బాగలేదు" అన్న తాతను వినే వేళ ఇంట్లో ఎవరికుంది? కొడుకు పగలు పాళీకి పోయి రాత్రి వచ్చి పడుకుంటాడు, పాళీ మారిన వారం అది తిరగబడుతుంది. మోకాలు నొప్పి అంటే కనీసం మెడికల్ షాపు నుంచి రెండు గోలీలైనా వస్తాయి.

పెకింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011 నుంచి 45 దాటిన చైనీయులను కొన్నేళ్ళకొకసారి మళ్ళీ మళ్ళీ పలకరిస్తూ ఒక పెద్ద సర్వే నడుపుతున్నారు. దాని మీద వచ్చిన వ్యాసాల్లో పదే పదే కనిపించేవాళ్ళు మనం ఎరిగిన మనుషులే. ఆడవాళ్ళు, పల్లెవాళ్ళు, చేతిలో డబ్బు ఆడనివాళ్ళు, నిద్ర తక్కువైనవాళ్ళు, రెండు మూడు జబ్బులు ఒకేసారి మోస్తున్నవాళ్ళు, స్నానానికీ బట్టలు కట్టుకోవడానికీ ఇంకొకరి చెయ్యి కావలసినవాళ్ళు. కుంగుబాటు వీళ్ళ దగ్గరే ఎక్కువగా తేలింది. మన దేశంలోనూ 2017-18లో ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఆధ్వర్యంలో ఇలాంటి సర్వేయే జరిగింది. 72 వేల మందికి పైగా మనుషులను కలిశారు. 60 దాటినవాళ్ళలో, ప్రశ్నలు వేసి చూస్తే కుంగుబాటు ఉన్నవాళ్ళు నూటికి 8 మందికి పైగా తేలారు. తమకు ఆ జబ్బు ఉందని వైద్యుడు చెప్పాడన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావాళ్ళంతా ఎక్కడున్నారు? చాలామంది మోకాళ్ళకు బామ్ రాసుకుంటూ మన ఇళ్ళలోనే ఉండి ఉంటారు.

ఒంటికీ మనసుకూ ఈ ముడి ఎక్కడ పడిందో వైద్యులు కొంత విప్పి చెప్పగలుగుతున్నారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పి జోరును తగ్గించే దారులు కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలతో అవి పనిచేస్తాయి. మనసు నిలకడకూ ఆ రెండూ కావాలి. అందుకే డ్యులాక్సెటీన్ అనే మందును కుంగుబాటుకూ రాస్తారు, మోకీళ్ళ అరుగుదల నొప్పికీ రాస్తారు. నొప్పి నిద్రను తినేస్తుంది. నిద్ర లేని ఒంటికి మర్నాడు అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నొప్పికి భయపడి నడక మానేస్తే కండ కరిగి కీలు ఇంకా బిగుస్తుంది, గుమ్మం దాటకపోతే పలకరించే మనిషి ఉండడు. ఎక్కడ మొదలైనా చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది. ముప్పై ఏళ్ళు రాత్రి పాళీ చేసినవాళ్ళకు నిద్ర ముందే చెడిపోయి ఉంటుంది గనుక ఈ చుట్టు తొందరగా బిగుస్తుంది.

చెవుల సంగతి విడిగా చెప్పాలి. సాంచాల కార్ఖానాలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. అక్కడ పనివాళ్ళు పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉన్న చెవి మెల్లగా మొద్దుబారుతుంది, పెద్ద వయసులో ఆ లోటు బాగా బయటపడుతుంది. పండక్కి పదిమంది చేరి నవ్వుకుంటున్న గదిలో తాత ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చుంటాడు. రెండుసార్లు "ఆఁ?" అంటాడు. మూడోసారి అడగడానికి మొహమాటపడి తలూపుతాడు. దాన్ని మనం ముసలితనపు ముభావం అనుకుంటాం. మనుమలు వీధిలో నేర్చిన హిందీలోనో గుజరాతీలోనో గబగబా మాట్లాడితే ఆ పొర ఇంకా మందమవుతుంది. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం ఉండడం నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది. తాతకు ఒక మాట తెలుగులో చదివి వినిపించే పిల్ల ఇంట్లో ఉండడం చిన్న మేలు కాదు.

ఊరి రంది ఇంకొకటి. తెలంగాణలో నేత కార్మికుడికి 50 ఏళ్ళకే ప్రభుత్వ పింఛను ఉంది. ఊళ్ళో మిగిలిన తమ్ముడు దాన్ని తీసుకుంటాడు. సూరత్‌లో జీవితమంతా నేసిన అన్న అక్కడ నివాసి కాదు గనుక ఆ లెక్కలోకి రాడు. వలస పోయినవాళ్ళను వెనక్కి పిలుద్దామన్న మాటతో 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. పడుచువాళ్ళకు అది ఆశ కావచ్చు. డెబ్బై ఏళ్ళ మనిషికి వెనక్కి పోవడమంటే ఎవరింటికి పోవడం? ఊళ్ళో పాత ఇంటి గోడ వాటాల్లో పోయింది. ఇక్కడి గది అద్దెది.

"వయసు మీద పడ్డది, ఇంతే" అని మనం అనేస్తాం. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. అది ఓదార్పులా వినిపిస్తూ తలుపు మూసేస్తుంది. మూయనక్కర్లేదని చూపించినవాళ్ళున్నారు. అమెరికాలో 60 దాటి, కీళ్ళవాతమూ కుంగుబాటూ రెండూ ఉన్న 1001 మందిని 18 క్లినిక్కుల్లో చూశారు. కుంగుబాటుకు శ్రద్ధగా చికిత్స అందినవాళ్ళకు కీళ్ళనొప్పి కూడా తగ్గింది, పనులు చేసుకోవడం మెరుగైంది. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మనకు దగ్గరి ఉదాహరణ గోవాది, నాకు ఎక్కువ ఇష్టమైనదీ అదే. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో మానసిక వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, దిగులు లక్షణాలు కొద్దిగా కనిపిస్తున్న 60 దాటినవాళ్ళ దగ్గరికి పంపారు. వాళ్ళు చేసింది పెద్ద విద్యేమీ కాదు. కష్టాన్ని ముక్కలు చేసి ఒక్కొక్క దానికి దారి వెతకడం, నిద్ర వేళలు సరిచేయడం, షుగరు వంటి జబ్బులతో ఎలా నెట్టుకురావాలో చెప్పడం, రావలసిన ప్రభుత్వ సాయం అందేలా చూడడం. ఏడాది తిరిగేసరికి వాళ్ళ పలకరింపు అందినవాళ్ళలో నూటికి నలుగురికి మాత్రమే తీవ్రమైన కుంగుబాటు వచ్చింది, అందనివాళ్ళలో నూటికి 14 మందికి వచ్చింది.

ఇలాంటి పనికి బమ్రోలిలో మనుషులు లేరని నేను అనుకోను. కుల సంఘం ఉంది, భజనకు కూడేవాళ్ళున్నారు, బతుకమ్మ నాడు గల్లీ అంతా ఒక్కచోట చేరుతుంది. పాళీ లేని పూట పక్కింటి తాత దగ్గర అరగంట కూర్చుని, మోకాలి సంగతి పూర్తిగా విన్నాక, రాత్రి నిద్ర ఎట్లా పడుతోందో, అన్నం సహిస్తోందో లేదో, పొద్దున్నుంచి ఎవరితో మాట్లాడాడో అడిగితే చాలు. జవాబు వెంటనే రాకపోవచ్చు. రెండోరోజో మూడోరోజో వస్తుంది. ఆ జవాబులో "ఎందుకీ బతుకు" అన్న మాట వినిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఏళ్ళ తరబడి షాపులో కొని మింగే నొప్పి గోలీలు మూత్రపిండాలనూ కడుపునూ పాడు చేస్తాయి గనుక ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. చెవి సరిగా వినపడని పెద్దవాళ్ళ తరఫున పక్కన ఇంకొకరు కూర్చుని, ఫోను పట్టుకుని, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. తెలుగు బడిలో చదివే మనుమరాలు ఆ పని చక్కగా చేస్తుంది.