ఊరు నేరము చేయునా?

సమరయుల గ్రామమొకటి ప్రభువును చేర్చుకొననప్పుడు యాకోబు, యోహానులు దానిపైకి ఆకాశమునుండి అగ్నిని రప్పింపగోరిన సంగతి లూకా సువార్త తొమ్మిదవ అధ్యాయములో మీరు చదివియున్నారు. తలుపు మూసినవారెవరో వారు విచారింపలేదు. లోపల పసిపిల్లలెందరో, జ్వరముతో పడియున్న ముసలివారెవరో అడుగలేదు. ఊరు కాదన్నది గనుక ఊరు కాలవలెను. ఈ లెక్క మనుష్యుని హృదయమునకు ఎంత సులభముగా తోచునో వోలీనియా చరిత్ర చదివినప్పుడు నాకు తెలిసినది.

వోలీనియా నేటి యుక్రెయిను దేశపు పడమటి భాగమున నున్నది. రెండు ప్రపంచ యుద్ధముల నడుమ అది పోలండు పాలనలో ఉండెను. పల్లెలలో యుక్రేనియులు ఎక్కువ, పోలీయులు తక్కువ. యుక్రేనియులు చాలవరకు ఆర్థడాక్సు సంఘస్థులు, పోలీయులు రోమను కతోలికులు. ఒకరి క్రిస్మసు డిసెంబరు 25న, మరియొకరిది జనవరి 7న. అయినను పొలము గట్లు కలిసియుండెను. పిల్లనిచ్చి పుచ్చుకొనుటయు కలదు. కాని లోలోపల ఒక మంట కుములుచుండెను. పోలండు ప్రభుత్వము తన మాజీ సైనికులకు అక్కడి భూములిచ్చెను. యుక్రేనియ భాషా పాఠశాలలను తగ్గించెను. 1938లో బూగు నదికి ఆవల హెల్మ్ ప్రాంతమున నూరింటికి పైగా ఆర్థడాక్సు దేవాలయములను పడగొట్టించెను.

పిమ్మట 1939లో సోవియట్లు, 1941లో జర్మనులు వచ్చిరి. జర్మనులు అక్కడి యూదులను గోతులయొద్దకు తోలి కాల్చినప్పుడు స్థానిక పోలీసులు తోడ్పడిరి. ఆ పోలీసులలో వేలమంది 1943 వసంతకాలమున తుపాకులతో అడవికి పోయి యుక్రేనియ తిరుగుబాటు సైన్యములో చేరిరి. పసిపిల్లలు చచ్చుట చూచి అలవాటుపడిన కన్నులవి.

1943 జూలై 11, ఆదివారము. ఆ ఒక్క దినమున ఆ సైన్యము సుమారు నూరు పోలిష్ పల్లెలపై పడెను. పోరిక్, కిసేలిన్ ఊళ్లలో జనులు ఆరాధనకు కూడియుండగా దేవాలయములనే చుట్టుముట్టిరి. తుపాకులతోనే కాదు, గొడ్డళ్లతోను చంపిరి. వోలీనియాలో 50,000 నుండి 60,000 మంది పోలీయులు హతులైరని, తూర్పు గలీసియను కలుపుకొనిన యెడల లక్షవరకు ఉందురని చరిత్రకారులు అంచనా వేయుచున్నారు.

అటుపిమ్మట పోలిష్ స్వదేశ సైన్యపు దళములు బదులు తీర్చిరి. 1944 మార్చి 10న బూగు నదికి పడమట సహ్రిన్ అను యుక్రేనియ గ్రామమును కాల్చి వందలమందిని చంపిరి. వారిలో అనేకులు స్త్రీలు, పిల్లలు. ఆ సంవత్సరములలో పోలీయుల చేత చనిపోయిన యుక్రేనియులు 10,000 నుండి 20,000 వరకు ఉందురందురు.

ఈ సంగతి బైబిలు తరగతిలో చెప్పినప్పుడు సంఘపెద్ద యొకరు, “అయ్యగారూ, ముందు మొదలుపెట్టినదెవరండీ?” అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. రెండు లెక్కలు సమానములు కావు. పోలీయులను ఆ నేలమీద లేకుండ తుడిచివేయ నిశ్చయించినవారి నేరమును కప్పిపుచ్చరాదు. అయితే సహ్రిన్‌లో చనిపోయిన పసివాడు వోలీనియాలో గొడ్డలి పట్టలేదు. పోరిక్‌లో చనిపోయినవాడు ఎవరి దేవాలయమును పడగొట్టలేదు. వారి తల్లులు ఏ భాషలో ప్రార్థించిరో అదియే వారి నేరము. దీనాకు జరిగిన అవమానము నిజమే. అయినను షెకెము పురుషులందరిని నరికిన షిమ్యోను, లేవీల కోపమును తండ్రియైన యాకోబు చనిపోవుచు శపించెను.

కాపరినైన నాకు మిక్కిలి బాధ కలిగించునది వేరొకటి కలదు. ల్వీవ్ నగరములోని గ్రీకు కతోలిక మహాధ్యక్షుడు ఆండ్రీ షెప్టిట్స్కీ 1942 నవంబరులోనే నరహత్యను ఖండించుచు ఆరవ ఆజ్ఞ పేరిట సంఘములకు లేఖ వ్రాసెను. వోలీనియా ఆర్థడాక్సులు ఆయన మంద కాదు, నిజమే. అయినను గొడ్డలి పట్టినవారును బాప్తిస్మము పొందినవారే, ఆ ఆజ్ఞను చిన్ననాడే నేర్చినవారే. నేర్పుటతో మన పని తీరినదనుకొను కాపరులము ఇక్కడ ఆగి ఆలోచింపవలెను.

వినినవారును ఉండిరి. పోలిష్ కవియు సైనికాధికారియునైన జిగ్మంట్ రూమెల్ సంధి మాటలాడుటకై కావలి బలగమును విడిచి వెళ్లి, జూలై 10న, ఆ ఆదివారమునకు ముందుదినముననే చంపబడెను. పోలండు జాతీయ స్మృతి సంస్థ 2007లో ప్రచురించిన గ్రంథము పోలీయులకు సహాయము చేసిన 1,300కు పైగా యుక్రేనియులను లెక్కించినది. వారు పొరుగువారిని దాచిరి, రాత్రివేళ వచ్చి హెచ్చరించిరి. వారిలో 384 మంది ఆ కారణముచేత తమవారి చేతనే చచ్చిరి. ఊరంతయు నేరము చేసినదనువారు ఈ 384 మందిని ఏ ఊరి లెక్కలో వేయుదురు?

1945 ఫిబ్రవరిలో నాశనమైన పుజ్నికి అను పోలిష్ పల్లెయొద్ద 2025లో ఇరుదేశముల నిపుణులు కలిసి నేల త్రవ్విరి. దొరికిన ఎముకలను సెప్టెంబరు 6న ఆ పల్లె శ్మశానములోనే పాతిపెట్టిరి. ఎనుబది సంవత్సరములు పట్టినది.

అగ్నిని కోరిన యోహాను తరువాత ఏమి చేసెనో అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో చూడుడి. అతడు పేతురుతో కూడ సమరయకు వెళ్లి, అక్కడి విశ్వాసులపై చేతులుంచి, తిరిగి వచ్చుచు అనేక సమరయ గ్రామములలో సువార్త చెప్పెను. ఆ దినము తలుపు మూసిన గ్రామమును ఆ దారిలోనే ఉండెనేమో.