పనివేళ ముగిసిన పిమ్మట దేహమెవరిది?

వేతనమునకు బదులుగా మనుష్యుడు యజమానికి అర్పించునది తన శ్రమనా, తన దేహమునా? దక్షిణాఫ్రికాలోని ఆంధ్రులకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. 1860 నవంబరు 16న ట్రూరో నౌక మద్రాసు నుండి డర్బను రేవు చేరిన పిమ్మట పదేండ్లకే, 1870లో, నేటాలు ప్రభుత్వము గిర్మిటు కూలీలు గంజాయి త్రాగుటను, దగ్గర నుంచుకొనుటను, వారికి దానిని అమ్ముటను, ఊరక ఇచ్చుటను గూడ నిషేధించెను. 1887 నాటి రాగ్ విచారణ సంఘము చూపిన కారణములలో నొకటి, దానివలన కూలీ పనికి చెడిపోవునని. ఆ నిషేధము కూలీ మేలు కంటె తోట పనినే ముందుగా తలచినది.

2018 సెప్టెంబరు 18న రాజ్యాంగ న్యాయస్థానము, వయోజనులు తమ ఏకాంతమున గంజాయి వాడుకొనుట నేరము కాదని తీర్పు చెప్పెను. 2024 మే నెలలో అందులకు తగిన చట్టముపై అధ్యక్షుడు సంతకము చేసెను. అయినను కర్మాగారపు వాకిట తగవు తీరలేదు. మత్తులో నున్నవానిని, ఉన్నట్లు కనబడువానిని పనిచోటికి రానీయరాదని భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. సారాయి మత్తును ఊపిరి పరీక్ష అప్పటికప్పుడు తెలుపును. గంజాయి జాడలో, దేహపు క్రొవ్వులో నిలిచి, మత్తు దిగిన ఎన్నో దినములకు, ఒక్కొక్కప్పుడు వారములకు గూడ, మూత్రపరీక్షలో కనబడును. అనగా ఆ పరీక్ష గడచిన దినమును చెప్పునే గాని, నేటి స్థితిని చెప్పజాలదు.

రెండు తీర్పులను పోల్చి చూడదగును. 2019లో డర్బనులోని కొయ్యతునకల కర్మాగారపు వివాదమున, ప్రమాదకరమైన యంత్రముల నడుమ పనిచేయువారి తొలగింపు న్యాయమేనని మధ్యవర్తి నిర్ణయించెను. 2024 ఏప్రిలులో కార్మిక అప్పీలు న్యాయస్థానము, ఇంటివద్ద గంజాయి వాడిన ఒక కార్యాలయ ఉద్యోగినిని కేవలము పరీక్షా ఫలితమును బట్టి తొలగించుట అన్యాయమని, ఆమెకు 24 నెలల జీతము పరిహారముగా చెల్లింపవలెనని తీర్చెను. మొదటిది ప్రాణభద్రతను, రెండవది మానవ గౌరవమును కాపాడినవి. ఇవి పరస్పర విరుద్ధములు కావు.

"మత్తును సరిగా కొలుచు సాధనము లేదు గనుక అందరికిని ఒకే నిషేధము మేలు" అని యజమానులు వాదింతురు. ఆ వాదమున కొంత నిజము కలదు. బరువులెత్తు యంత్రము నడుపువాని చేతిలో తోటివారి ప్రాణములున్నవి. అతడు సంయమము పాటించుట యజమాని కొరకు కాదు, తోటివారి కొరకు. కాని లెక్కలు వ్రాయు గుమాస్తాకు ఆ నియమమునే విధించుట యజమానికి సులభమే గాని, న్యాయము కానేరదు. కొలమానము లేని లోపమునకు శిక్ష ఉద్యోగి అనుభవింపరాదు.

చట్టము అనుమతించినదెల్ల శ్రేయస్కరమని ఎవ్వరును భ్రమపడరాదు. గంజాయి మానుమని బిడ్డకు బోధించుట తల్లిదండ్రుల ధర్మము. పనిచోట ప్రమాదమును వారించుట యజమాని ధర్మము. పనివేళ ముగిసి ఇల్లు చేరిన మనుష్యుని దేహముపై అధికారము మాత్రము గిర్మిటుతోనే అంతమొందవలసినది.